మూడో అంతస్తు తిమింగలం

ఆ రోజు ఉదయం బొమ్మలావిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడు కుందేళ్ళకు చెవులు కుట్టాలి. కిటికీలోంచి పడే ఎండ పక్కకు జరిగేలోగా వాటికి ఫొటోలు తీయాలి. మధ్యాహ్నం కొరియరతను వచ్చేసరికి పెట్టెలు కట్టి గుమ్మం పక్కన పెట్టాలి. అంతకు మించి ఆ రోజును ఆవిడ ఏమీ కోరలేదు.

బొమ్మలావిడ అన్నది ఆ అపార్టుమెంటు వాళ్ళు ఆవిడకు పెట్టిన పేరు. గుడ్డతో కుందేళ్ళు, ఎలుగుబంట్లు, ఏనుగులు కుట్టి, వాటిలో దూది కూరి, ఇంట్లోంచే ఆన్‌లైన్లో అమ్ముతుంది. మూడో అంతస్తులోని ఆ ఇంట్లో హాలు ఆవిడ కార్ఖానా. పడగ్గది భర్త ఆఫీసు. ఆయన ఒక బీమా కంపెనీలో క్లెయిములు చూసే ఉద్యోగి. మంచానికీ బీరువాకీ మధ్య ఇరుక్కున్న బల్ల ముందు, నడుం దాకా ఇస్త్రీ చొక్కా, అక్కణ్ణించి కిందికి పాత పైజమా వేసుకుని మీటింగులకు కూర్చుంటాడు. వెనక గోడ మాత్రం మచ్చ లేకుండా ఉంచుకుంటాడు. వంటగదిలో ఓ మూల అత్తగారి ప్యాకింగు విభాగం. కత్తెర, టేపు, అట్టపెట్టెలు ఆవిడ అధీనంలో ఉంటాయి. టేపు వృథా చేస్తే కన్నకొడుకునైనా వదలదు.

ముగ్గురి మధ్యా ఒక ఒప్పందం ఉంది. భర్త మీటింగులో ఉన్నంతసేపూ పడగ్గది తలుపు గడియకు ఎర్ర తువ్వాలు వేలాడుతుంది. అది వేలాడినంతసేపూ కుట్టుమిషను తిరగకూడదు, అత్తగారు టేపు లాగకూడదు. ఒకసారి టేపు లాగిన చప్పుడు మీటింగులోకి వెళ్ళి, ఎవరివో బట్టలు చినిగాయనుకుని అవతల అందరూ తమ తమ కుర్చీల్లోకి వంగి చూసుకున్నారు.

నెట్ సంగతికి మాత్రం ఏ ఒప్పందమూ లేదు. ఆయన మీటింగు మొదలైతే ఆవిడ ఫోనులో చక్రం తిరగడం మొదలవుతుంది. ఆ ఇంట్లో మామూలు సిగ్నలు దొరకదు కాబట్టి ఫోను మాట్లాడాలన్నా నెట్ మీదే. "నీళ్ళ లాంటిదేనమ్మా ఇదీ. వాడు లోపల పంపు తిప్పాడు, నీకు సన్నగా వస్తోంది" అని అత్తగారు ఓదార్చేది.

ఆ నెల భర్తకు మరో దిగులు పట్టుకుంది. పనికి అనువైన ఇల్లున్నవాళ్ళే ఇకమీదట ఇంటి నుంచి పని చేయవచ్చనీ, మిగతావాళ్ళు ఆఫీసుకు రావాలనీ కంపెనీ నిర్ణయించింది. నెలాఖరులోగా మేనేజరు ఒక్కొక్కరి పనిచోటునూ వీడియోలో స్వయంగా చూస్తాడట. అప్పటినుంచీ ఆయన హాల్లోకి వచ్చినప్పుడల్లా గుడ్డల కుప్పల్ని చూసి నిట్టూర్చేవాడు. "ఇది కాస్త తగ్గించుకోరాదూ? కాలక్షేపానికి పెట్టుకున్నది ఇల్లంతా పాకింది" అనేవాడు. కాలక్షేపం అన్న మాట విన్నప్పుడల్లా ఆవిడ సూది కాస్త గట్టిగా దిగేది.

రెండో కుందేలు ఎడమ చెవి దగ్గర ఉండగా ఫోను టింగుమంది. ఎవరో చిన్నపిల్లల బడి టీచరు. ఊపిరి కూడా తీసుకోకుండా రాసినట్టుంది మెసేజి.

"నమస్తే మా పిల్లల కోసం తిమింగలం కావాలి పదిహేను అడుగులు తెల్లగా పైన నీలంగా మెత్తగా ఉండాలి నెలాఖరుకి ఇవ్వగలరా"

బొమ్మలావిడ రెండుసార్లు చదివింది. సూదిని కుందేలు చెవికే గుచ్చి వంటగది వైపు తిరిగింది.

"అత్తయ్యా, తిమింగలం ఎంతుంటుంది?"

"నేనెక్కడ చూశానమ్మా? పెద్దదే అయ్యుంటుంది."

"పదిహేనడుగులు కావాలట."

అత్తగారు కాసేపు ఆలోచించింది. "పిల్ల తిమింగలం కాబోలు" అంది.

తలుపుకు ఎర్ర తువ్వాలు వేలాడుతోంది. అయినా ఇలాంటి సంగతి మెసేజిలతో తేలేది కాదనిపించి ఆవిడ టీచరుకు ఫోను చేసింది. అవతలి గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"పదిహేనని రాశారు. నిజంగానే అంత కావాలాండీ?"

"పదిహేనంటే పదిహేనేనమ్మా. పద్నాలుగుతో సరిపెడితే గొడవైపోతుంది."

"గొడవెవరు చేస్తారండీ?"

"పిల్లలే. వాళ్ళకి లెక్కపెట్టడం కొత్తగా వచ్చింది. కంటికి కనబడ్డదల్లా లెక్కపెడుతున్నారు."

చిన్నపిల్లలు టేపు పట్టుకుని తిమింగలాన్ని కొలుస్తున్నట్టు ఊహించుకుని ఆవిడ జాగ్రత్తపడింది. "రేటు మరి... మా దగ్గర అడుగు బొమ్మకి ఒక రేటుందండీ. దానికి పదిహేను రెట్లవుతుంది."

"అవుతుంది కదా మరి. అందులో అడగడానికేముంది?" అంది టీచరు, కొంచెం ఆశ్చర్యంగా.

ఆ తర్వాత ఏదో అన్నది గానీ పూర్తిగా వినబడలేదు. 'అందరికీ' అన్న మాట ఒక్కటి వచ్చింది. అందరికీ నమస్కారాలు చెప్పమంటోందనుకుని ఆవిడ "తప్పకుండా అండీ" అని పెట్టేసింది.

భోజనాల దగ్గర ఈ కబురు విని భర్త మొదట నవ్వాడు. తర్వాత అలవాటు కొద్దీ లెక్కలోకి దిగాడు. "పొడవు పదిహేను రెట్లు. అంటే వెడల్పూ పదిహేను రెట్లు. ఎత్తూ అంతే. అలాంటప్పుడు కడుపులో పట్టే దూది..." అని గాలిలో వేళ్ళు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎంతవుతుంది?" అంది అత్తగారు.

"చెప్పినా ఎవరూ నమ్మరమ్మా." ఆయన భార్య వైపు తిరిగాడు. "వద్దని చెప్పేసెయ్. మన వల్ల కాదు."

"కుందేళ్ళు కుడుతుంటే కాలక్షేపం అన్నారు. ఇప్పుడు తిమింగలం వస్తే మన వల్ల కాదంటున్నారు. ఇంతకీ మీ దృష్టిలో ఏ సైజు బొమ్మ కుడితే అది వ్యాపారం?"

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, కొలత టేపు అందుకుని, హాలును ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచాడు. "పడుతుంది. వాలుగా పడుకోబెడితే పడుతుంది" అని, టేపు చుట్టేసి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

అలా మొదలైంది. నీలం గుడ్డ తాను విప్పితే హాలు దాటి వంటగదిలో అత్తగారి పాదాల దగ్గర ఆగింది. ముక్కలు కత్తిరించడానికి సోఫాను బాల్కనీలోకి తోశారు. భోజనాల బల్లను నిలువుగా గోడకు ఆనించి, ఆ రోజు నుంచి నిలబడే తినడం మొదలుపెట్టారు. కుట్టు పూర్తయిన తొడుగు మొదట్లో కూలిన డేరాలా నేల మీద పడి ఉండేది. దాన్ని తొక్కకుండా పడగ్గదిలోకి వెళ్ళాలంటే గోడ పట్టుకుని అంచున నడవాలి. భర్త అలాగే చేతిలో కాఫీ కప్పుతో ఆఫీసుకు వెళ్ళివచ్చేవాడు.

దూది బేళ్ళు రావడం మొదలయ్యాక ఆ ఇంట్లో వాతావరణం మారిపోయింది. వచ్చిన ప్రతి బేలూ తొడుగులోకి వెళ్ళేది, తొడుగు మాత్రం అడిగినంత అడుగుతూనే ఉండేది. బేళ్ళు చాలక దిళ్ళు వెళ్ళాయి. దిళ్ళ తర్వాత పాత పరుపు వెళ్ళింది. ఒకరోజు భర్త మధ్యాహ్నం కునుకు తీద్దామని మంచం మీద వాలి, తలకింద చెయ్యి పెట్టి తడుముకుని, తువ్వాలు మడిచి పెట్టుకున్నాడు.

రెక్కలు నిండాయి. వీపు పొంగింది. తెల్లటి పొట్ట రోజురోజుకూ లేచి కిటికీ గట్టు దాకా వచ్చింది. అప్పటిదాకా వాళ్ళకది ఒక పని మాత్రమే. కన్ను కుట్టిన సాయంత్రం అది కాస్తా వేరేది అయిపోయింది. నల్ల మఖమలు గుడ్డను గుండ్రంగా కత్తిరించి, అరచేతి వెడల్పున కుట్టి, బొమ్మలావిడ దాని మీద తెల్లదారంతో చుక్కంత వెలుగు పెట్టింది. దారం తెంపి వెనక్కి జరిగి చూసి, ఆవిడ మోకాళ్ళ మీదే ఉండిపోయింది. తను కుట్టిన కన్నే తనని చూస్తోంది. అంతలో వంటగదిలోంచి వచ్చిన అత్తగారు ఆ చూపు తగలగానే టక్కున ఆగి, చెదిరిన జుట్టు సవరించుకుంది. ఇంటికి ఎవరో పెద్దమనిషి వచ్చినట్టు గొంతు తగ్గించి, "ఇందాకటి నుంచీ చూస్తూనే ఉందా?" అని అడిగింది.

మర్నాడు కొరియరతను చివరి బేలు మోసుకొచ్చాడు. ఎప్పుడూ గుమ్మం బయటి నుంచే కేకేసి, సంతకం పెట్టించుకుని పరిగెత్తే మనిషి. ఆ రోజు తలుపు తెరుచుకోగానే బేలును చప్పుడు కాకుండా కింద పెట్టాడు. తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పడుకుందా మేడమ్?" అన్నాడు మెల్లగా.

"లేదు బాబూ, అదంతే" అంది అత్తగారు, ఆవిడా మెల్లగానే.

నెలాఖరు వచ్చింది. మేనేజరు పనిచోటు చూసే రోజూ, తిమింగలం మూతి కుట్టి ముగించాల్సిన రోజూ ఒకటే అయ్యాయి. గుడ్డ సాగుతుందన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అందువల్ల తోక హాల్లో పట్టక పడగ్గదిలోకి వెళ్ళింది. తలుపు మూయడానికి వీల్లేదు. ఎర్ర తువ్వాలు తగిలించడానికి గడియ అందక ఆయన దాన్ని తోకకే కట్టుకున్నాడు. తోకను నేలకు అణిచి, మంచం పక్కకు దోపి, తెర మీద కనిపించకుండా చూసుకుని మీటింగులో కూర్చున్నాడు.

మీటింగు చక్కగా సాగుతోంది. "గోడ శుభ్రంగా ఉంది. శబ్దాలేమీ లేవు. ఇంటి నుంచి పని చేయడమంటే ఇలా ఉండాలి" అని మేనేజరు మిగతా వాళ్ళకు చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే హాల్లో అత్తగారు చీపురు కర్రతో మిగిలిన దూదినంతా తిమింగలం నోట్లోకి కూరుతోంది. ఆవిడ ఆఖరి ముద్దను రెండు చేతులా లోపలికి తోసింది. ముందు నుంచి తోసింది వెనకకు పాకింది. పడగ్గదిలో, భర్త వీపు వెనక, మంచం పక్కనుంచి తోక లేచింది. నిదానంగా, ఏ తొందరా లేకుండా, శుభ్రంగా ఉన్న ఆ గోడ మొత్తాన్నీ నీలంగా కప్పేస్తూ, కొసన ఎర్ర తువ్వాలుతో సీలింగు దాకా లేచి నిలబడింది.

తెర మీద మేనేజరు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. పక్క గడుల్లో ఉన్నవాళ్ళూ రెప్ప వేయడం లేదు.

"సార్, వినబడుతోందా? మీరు ఆగిపోయారు సార్" అన్నాడు భర్త. ఎవరూ కదల్లేదు. నెట్ మళ్ళీ పోయిందనుకుని ఆయన కుర్చీలోంచి దిగి, తల ఎత్తి చూడకుండానే తోక కిందినుంచి పాకి, హాల్లోకి వచ్చి నెట్ పెట్టెను ఆపి మళ్ళీ వేశాడు.

ఆ క్షణంలో బొమ్మలావిడ ఫోనులో టీచరు ఉంది. "అన్నీ అయినట్టేనామ్మా? రేపు నేనే వచ్చి తీసుకెళ్తాను. ఒక్కొక్క పిల్లాడికీ..." అంటుండగా లైను తెగిపోయింది.

"ఒక్కొక్క పిల్లాడికీ ఏమిటత్తయ్యా?"

"ఒక్కొక్క పిల్లాడికీ చూపించాలేమో. వరసలో నిలబెట్టి" అంది అత్తగారు.

నెట్ తిరిగి రాగానే మేనేజరు ఫోను చేశాడు. ఆయన గొంతులో కోపం లేదు. బీమా కంపెనీలో ఇన్నేళ్ళ ఉద్యోగంలో నిప్పూ నీళ్ళూ గాలీ చేసిన పనులన్నీ చూసిన మనిషి, ఇది మాత్రం చూడలేదు.

"మీ వెనక లేచిందేమిటి?"

"తిమింగలం సార్."

"ఇంట్లోనా?"

"మా ఆవిడ బిజినెస్ సార్. రేపు డెలివరీ."

మేనేజరు, మూడో అంతస్తు సంగతి తెలిసినవాడు కాబట్టి, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "బయటికెలా తీస్తారు?"

భర్త ఫోను చెవి దగ్గర పెట్టుకునే హాల్లోకి వచ్చాడు. ఆ ప్రశ్న అందరికీ వినబడింది. ముగ్గురూ ఒకేసారి గుమ్మం వైపు చూశారు. గుమ్మం ఎప్పుడూ ఉన్నంతే ఉంది.

బొమ్మలావిడ నేల మీద చతికిలబడి, తిమింగలం పొట్టకు వీపు ఆనించింది. "ఇన్ని రోజులూ నాకీ ముక్క తట్టలేదేమండీ?"

"నాకూ తట్టలేదు" అన్నాడాయన, పక్కనే కూర్చుంటూ. "రోజంతా ఇంట్లోనే ఉండి ఉండి, బయటికి వెళ్ళేదొకటి ఉంటుందన్న సంగతే మర్చిపోయాం."

మరుసటి రోజు ఉదయం ముందుగా తోచిన ఉపాయం అందరికీ తోచేదే. కుట్టు విప్పి, దూది లాగేసి, తొడుగు మడిచి పట్టుకెళ్ళి అక్కడ మళ్ళీ నింపడం. బొమ్మలావిడ కత్తెర తెచ్చుకుని పొట్ట కింద కుట్టు వెతికి పట్టుకుంది. కత్తెర మొన కుట్టులోకి దూర్చింది. అలా చాలాసేపు ఉంది గానీ నొక్కలేకపోయింది. అత్తగారు వచ్చి కత్తెర ఆవిడ చేతిలోంచి తీసుకుంది.

"ఇది అట్టపెట్టెలకిచ్చిన కత్తెరమ్మా" అని తీసుకెళ్ళి తన మూలలో పెట్టేసుకుంది.

భర్త ఇదంతా చూశాడు. ఏమనుకున్నాడో, స్క్రూడ్రైవరు తెచ్చి బాల్కనీ తలుపుల మరలు విప్పడం మొదలుపెట్టాడు. రెండు తలుపులూ, వాటి చట్రమూ ఊడదీస్తే, మెత్తటిది కాబట్టి, నొక్కితే దూరుతుందని ఆయన అంచనా. బాల్కనీలో ఉన్న సోఫా మీదుగా, పిట్టగోడ మీదుగా తాళ్ళతో కిందికి దించవచ్చు. కొరియరతను ఇద్దరు స్నేహితుల్నీ తాళ్ళనూ తీసుకుని వచ్చాడు. ఎవరూ పిలవలేదు గానీ మేనేజరు కూడా వచ్చాడు. "పనిచోటు స్వయంగా చూడటం నా బాధ్యత" అంటూ లోపల అడుగుపెట్టి, తిమింగలాన్ని నిలువునా చూసి, సంచి కింద పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

తల దూరింది. అందరూ కలిసి తోస్తే రెక్కల దాకా దూరింది. పొట్ట దగ్గర ఆగిపోయింది. ఎంత తోసినా అంగుళం కదల్లేదు, వెనక్కి లాగినా రాలేదు. ఇంట్లో సగం తిమింగలం, వీధి మీద సగం తిమింగలం.

కింద నడుస్తున్న మనుషులు ఒక్కొక్కరే ఆగారు. సైకిలు మీద పోతున్నవాడు కాలు నేలకు ఆనించి ఆగాడు. ఎదురు దుకాణంవాడు చేతిలో తూకం రాయితోనే బయటికి వచ్చి తలెత్తాడు. ఎవరూ కేకలు పెట్టలేదు, ఎవరూ నవ్వలేదు. మూడో అంతస్తులోంచి ఇల్లు తనే తల బయటపెట్టి చూస్తున్నట్టుగా, అంత పెద్ద నీలం ముఖం వాళ్ళ వైపు వంగి చూస్తోంది. గాలి వీచినప్పుడు అది కొంచెం ఊగుతోంది. చూసినవాళ్ళు తమ ఊపిరి కూడా దానితో పాటే ఆడుతోందని తర్వాత చెప్పుకున్నారు.

అప్పుడే టీచరు వచ్చింది. పిల్లల్ని వరసగా తాడు పట్టించి నడిపించుకొచ్చి, కింద గేటు లోపల కాపలాదారుకు అప్పగించి, ఆగిన జనాన్ని తప్పించుకుంటూ, తల వంచుకుని గబగబా మెట్లెక్కి పైకి వచ్చింది. చేతిలో పెద్ద గుడ్డసంచి. గుమ్మంలో ఆవిడకు కనిపించింది తోక ఒక్కటే. దాన్ని వాటేసుకుని ఒకావిడ, దానికి భుజం ఆనించి ఇద్దరు మగవాళ్ళు, చీపురు కర్ర పట్టుకుని ఒక పెద్దావిడ.

"బొమ్మలిక్కడేనాండీ? పదిహేను తిమింగలాలు. నేనే టీచర్ని" అంది, సంచి మూతి తెరిచి పట్టుకుని.

అత్తగారు చీపురు కర్రను గోడకు ఆనించింది.

"పదిహేను... తిమింగలాలా?" అంది బొమ్మలావిడ.

"అవునమ్మా, పిల్లలు పదిహేనుమంది కదా. ఒక్కొక్కళ్ళకీ ఒకటి."

"మీరు పదిహేనడుగులు అన్నారు కదండీ?"

"అనలేదే. పదిహేను అన్నాను. అడుగులు తెల్లగా, పైన నీలంగా అన్నాను. అడుగున తెల్లగా ఉంటుంది కదా తిమింగలం?"

అందరి చూపులూ తిమింగలం అడుగుకు దిగాయి. తెల్లగానే ఉంది. పైన నీలంగానే ఉంది.

బొమ్మలావిడ తోక వదిలేసింది. ఇన్ని రోజుల కుట్టూ, ఇంట్లో ఉన్న ప్రతి దిండూ, విప్పేసిన తలుపులూ ఒక్కసారిగా ఆవిడ కళ్ళ ముందుకు వచ్చాయి. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. భర్త ఏదో అనబోయి, తన మీటింగు కోసం ఆ ఇంట్లో నెట్ ఎన్నిసార్లు సన్నబడిందో గుర్తొచ్చి ఊరుకున్నాడు.

టీచరు మాత్రం చెవి కింది వైపు పెట్టి వింటోంది. ఆవిడ ముఖంలో ఆందోళన మొదలైంది. "పిల్లల చప్పుడు లేదేమిటి?"

చిన్నపిల్లల టీచరుకు నిశ్శబ్దం కంటే భయంకరమైంది లేదు. సంచి పారేసి వంటగది కిటికీ దగ్గరకు పరిగెత్తింది. కింద పిల్లలు పదిహేనుమందీ తాడు వదలకుండా, మెడలు వెనక్కి విరిచి, నోళ్ళు తెరిచి నిలబడి ఉన్నారు. ఏడ్చేవాడు ఏడవడం లేదు, గిల్లేవాడు గిల్లడం లేదు. చివర నిలబడ్డ చిన్నది మాత్రం చెయ్యెత్తి తిమింగలం వైపు నిదానంగా ఊపుతోంది. అది తిరిగి ఊపుతుందని కాసేపు ఆగి, మళ్ళీ ఊపుతోంది.

టీచరు చాలాసేపు అక్కణ్ణించి కదల్లేదు. తర్వాత తిరిగి వచ్చి తోక మీద చెయ్యి వేసింది.

"ఏడాది నుంచీ వీళ్ళని ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉంచాలని చూస్తున్నానమ్మా. దీన్ని మాకిచ్చేయండి."

"కానీ మీరడిగింది పదిహేను..."

"పదిహేనుమందీ దీన్నే కదా చూస్తున్నారు" అంటూ ఆవిడ కూడా తోకకు భుజం ఆనించింది. "నేను మూడు లెక్కపెడతాను. అందరూ కలిసి తోయండి."

మేనేజరు, భర్త, అత్తగారు, బొమ్మలావిడ, టీచరు కలిసి తోశారు. బాల్కనీలోంచి కొరియరతనూ స్నేహితులూ లాగారు. తిమింగలం పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడు చేసి బయటపడింది. తోసినవాళ్ళు తోసినట్టే ఒకరి మీద ఒకరు పడ్డారు. లేచి పిట్టగోడ దగ్గరకు వచ్చేసరికి అది తాళ్ళ మీద కిందికి దిగుతోంది. నేలకు తగలకముందే పిల్లల చేతులు దాని పొట్టకు తగిలాయి.

బడి ఆ వీధి చివరే. ఏ బండిలోనూ పట్టదు కాబట్టి మోసుకుపోవడమే దారి. ఆగి చూస్తున్న వాళ్ళంతా, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, కిందికి దూరి చేతులు పైకెత్తారు. మనుషుల తలల మీదుగా తిమింగలం కదిలింది. ఇంట్లో ట్యూబులైటు కింద చూసిన నీలం వేరు, ఆకాశం కింద ఈ నీలం వేరు. వీధి మొత్తం నీళ్ళలో మునిగినట్టూ, అది నిజంగానే ఈదుకుంటూ పోతున్నట్టూ అనిపించింది. ముందు పిల్లలు తాడు పట్టుకుని నడుస్తున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

బాల్కనీలో బొమ్మలావిడ చేతులు కట్టుకుని నిలబడిపోయింది. అంత పెద్దది తన సూదిలోంచి వచ్చిందంటే ఆవిడకే నమ్మకం కలగడం లేదు. కింద దుకాణంవాడు తలెత్తి, "ఎవరు చేశారండీ దాన్ని?" అని అడిగాడు.

"మా ఆవిడ" అన్నాడు భర్త. ఆ రెండు మాటలూ ఆయన ఇంతకు ముందు ఎన్నోసార్లు అన్నవే. కానీ ఈసారి అనడానికి గొంతు సవరించుకోవలసి వచ్చింది.

మేనేజరు సంచి భుజానికి తగిలించుకుని, చొక్కా మీది దూది దులుపుకుంటూ ఇల్లంతా మరోసారి కలియజూశాడు. భర్త ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఇల్లు పనికి చాలా అనువుగా ఉంది" అన్నాడు మేనేజరు. భర్త ముఖం వికసించింది. "ఇప్పటికే ఇక్కడ ఒక సంస్థ నడుస్తోంది. మీరు వాళ్ళకి అడ్డం. సోమవారం నుంచి ఆఫీసుకి వచ్చేయండి."

భర్త హాలు వైపు తిరిగి చూశాడు. ఆ సాయంత్రం ఆయనే పడగ్గదిలోంచి తన బల్ల తీసేసి, ఆ చోట గుడ్డ తానులు వరసగా నిలబెట్టాడు. అత్తగారు ఎర్ర తువ్వాలును ఉతికి ఆరేసింది. ఆరేలోగా టీచరు నుంచి మళ్ళీ మెసేజి వచ్చింది. తిమింగలాలు, చిన్నవి, అడుగు పొడవువి, సంఖ్య పదిహేను, కావాలట. ఈసారి ప్రతి మాట తర్వాతా కామా ఉంది.

సోమవారం భర్త ఆఫీసుకు వెళ్ళాడు. కిటికీ పక్కనే మంచి సీటు ఇచ్చారు, నెట్ కూడా బాగా వస్తోంది, కాకపోతే ఆ కిటికీలోంచి కనిపించేవన్నీ మామూలు సైజులోనే ఉన్నాయి.